ఈము పిచ్చి గంతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆనందపురం దగ్గర మా చిన్నాన్న జీడిమామిడి తోటలో మూడు ఈములున్నాయి, ఆస్ట్రేలియాకి చెందిన ఎగరని పెద్ద పక్షులు. ఒకప్పుడు నలభై ఉండేవి, ఆ కథ కింద వస్తుంది. ఆదివారాలు విశాఖ నుంచి తెలిసినవాళ్లు పిల్లల్ని తీసుకుని వస్తుంటారు. ఫోన్లో వీడియో తీసుకుంటారు, ఇంటికెళ్తారు, రాత్రికి అదే వీడియో నాకు పంపి "దీనికేమైంది?" అని అడుగుతారు. ప్రతిసారీ టైప్ చేసే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. నేను పశువుల డాక్టర్ని కాదు. పదహారేళ్లుగా వాటికి నీళ్లు పట్టినవాణ్ణి, వాటి గురించి దొరికిందల్లా చదివినవాణ్ణి.

బాగానే నిలబడ్డ పక్షి ఉన్నట్టుండి పూనకం వచ్చినట్టు పరిగెత్తి కింద పడి కొట్టుకుంది. ఫిట్సా?

కాదు. ఆట.

మొన్న శ్రావణమాసంలో ఒక సాయంత్రం చూసింది చెప్తాను. జల్లు పడి అప్పుడే వెలిసింది. మూడింట్లో పెద్దది, పెద్దమ్మి అని పిలుచుకునే ఆడపక్షి, సరుగుడు చెట్ల వరస పక్కన ఎటో చూస్తూ నిలబడి ఉంది. మెడ ఒక్కసారి కిందికి వంచి మళ్లీ నిలువుగా ఎత్తింది. అంతే, దౌడు. ఇరవై గజాలు తిన్నగా వెళ్లి కుడికి విరిగింది, వెంటనే ఎడమకి విరిగింది, గాల్లోకి ఎగిరి రెండు కాళ్లతో ముందుకి తన్నింది. ఎదురుగా ఎవరూ లేరు. దిగిన చోట కాలు జారిందో, కావాలనే చేసిందో, పక్కకి పడి వెల్లకిలా దొర్లింది. ఆ పొడుగు కాళ్లు పైకి లేచి గాలిని తొక్కుతున్నాయి. మెడ నేల మీద పాములా అటూ ఇటూ ఊగుతోంది. నాలుగైదు సెకన్లు. లేచి, బురద ఈకలు ఒకసారి దులుపుకుని, తనకేమీ సంబంధం లేనట్టు వెళ్లి గడ్డి పీక్కోవడం మొదలుపెట్టింది.

మొదటిసారి ఇది చూసినప్పుడు మా తోట చూసుకునే తాత "ఏటి బాబూ, దీనికి గాలి సోకినట్టుంది" అని వేపమండ తెచ్చాడు. దాంతో దిగతుడిచాడు కూడా. పక్షి ఆ మండని లాక్కుని ఇంకో రౌండ్ పరిగెత్తింది.

ఆట అని మీరెలా చెప్పగలరు? పక్షులు ఆడతాయా?

కాకులు, చిలకలు ఆడతాయని చాలాకాలంగా ఒప్పుకుంటున్నారు. ఈము, నిప్పుకోడి లాంటి ఎగరని పెద్ద పక్షుల దగ్గరికి వచ్చేసరికే అందరికీ అనుమానం. జంతువు చేసేది ఆటా కాదా తేల్చడానికి అమెరికాలోని టెనెస్సీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గోర్డన్ బర్గార్ట్ 2005లో ఐదు గుర్తులు చెప్పాడు. నా మాటల్లో చెప్తే ఇలా ఉంటుంది. ఆ పని వల్ల అప్పటికప్పుడు కడుపు నిండేది, ప్రాణం దక్కేది ఏమీ ఉండకూడదు. ఎవరూ తరమకుండా తనంతట తానే చేయాలి. అసలు పనిలా కాకుండా అతిగానో, సగంసగంగానో, పిల్లచేష్టలానో ఉండాలి. మళ్లీ మళ్లీ చేయాలి, కానీ బోనులో పులి ఒకే గీత మీద అటూ ఇటూ తిరిగినట్టు కాదు, చేసినప్పుడల్లా కాస్త వేరుగా. ఇక ఐదోది, నాకు అన్నిటికన్నా పనికొచ్చింది: కడుపు నిండి, ఒంట్లో బాగుండి, భయం లేనప్పుడే చేయాలి.

పెద్దమ్మి చేసింది ఈ ఐదింటికీ సరిపోతుంది. దాణా ఆలస్యమైన రోజున అది గంతులు వేయగా నేను చూడలేదు. పక్క పొలంలో ట్రాక్టర్ తిరుగుతున్న రోజునా చూడలేదు. కొత్త కుక్క కంచె దగ్గరికి వస్తే మూడూ మెడలు నిటారుగా పెట్టి కొయ్యబొమ్మల్లా నిలబడతాయి. కుక్క వెళ్లిపోయి, మేత తిని, ఎండ తగ్గాక అప్పుడు మొదలవుతుంది.

ఆటయితే ఆ అడ్డదిడ్డం మలుపులెందుకు? లేగదూడలా తిన్నగా గంతులేయొచ్చుగా?

దీనికి జవాబు విశాఖలో లేదు, ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడ ఈముకి ముఖ్యమైన శత్రువులు రెండు. ఒకటి డింగో, అంటే అక్కడి అడవి కుక్క. రెండోది అక్కడి పెద్ద గద్ద. డింగో మెడ కోసం ఎగురుతుంది. కాబట్టి ఈము దానికన్నా పైకి ఎగిరి, దిగుతూ కాళ్లతో తన్నుతుంది, తొక్కుతుంది. గద్ద విషయంలో ఎగిరితే లాభం లేదు, అది వచ్చేదే పైనుంచి. దాన్ని తప్పించుకోవాలంటే ఎటు తిరుగుతుందో ఎవరికీ అంతుబట్టకుండా వంకరటింకరగా పరిగెత్తి పొదల్లో దూరాలి.

ఇప్పుడు పైన చెప్పిన సాయంత్రాన్ని మళ్లీ చదవండి. కుడికి విరగడం, ఎడమకి విరగడం: గద్ద పాఠం. గాల్లోకి ఎగిరి ముందుకి తన్నడం: డింగో పాఠం. రెండిటినీ ముక్కలు చేసి, వరస తప్పించి, ఎదురుగా ఎవరూ లేకుండా ఆడుతోంది. ఆనందపురంలో డింగో లేదు. పైన తిరిగే మన గద్దలు ఇంత పక్షిని ఏమీ చేయలేవు, అయినా అవి తిరిగినప్పుడల్లా మూడూ తలలు ఒక పక్కకి వాల్చి ఒంటికంటితో పైకి చూస్తాయి. ఆ కాళ్లు ఎప్పుడూ వెళ్లని దేశం ఆ కాళ్లకి గుర్తుంది.

ఆ కాళ్లు కూడా సామాన్యమైనవి కావు. దౌడు తీస్తే గంటకి 50 కిలోమీటర్ల దాకా వేగం, ఒక్క అంగ తొమ్మిది అడుగులు. మధురవాడ ట్రాఫిక్‌లో నా బైకుకి లేని వేగం.

మరి వెల్లకిలా పడి దొర్లడం? అదే శత్రువు కోసం?

అదే అసలు తమాషా. ఏ శత్రువు ముందూ అది పనికిరాదు. డింగో ముందు వెల్లకిలా పడుకున్న ఈము మరుసటి రోజు ఉండదు. పొట్ట పైకి పెట్టి కాళ్లు ఆడించడం అంటే "ఇక్కడ నన్ను ఎవరూ ఏమీ చేయరు" అని నమ్మిన పక్షి చేసే పని. పరుగుని పొరపాటున భయం అనుకోవచ్చు. దొర్లడాన్ని అనుకోలేం. అందుకే ఎవరైనా వీడియో పంపితే నేను ముందు దొర్లుడు ఉందా లేదా చూస్తాను.

నీళ్ల పైపు పట్టుకోగానే ఎందుకు ఎగబడతాయి?

నీళ్లంటే వాటికి అంత ఇష్టం. మోటార్ వేసిన చప్పుడు వినగానే తోట చివర నుంచి వస్తాయి. పైపు నోటికి వేలు అడ్డంపెట్టి చిమ్మితే ముందు ఛాతీ పెడతాయి, తర్వాత మోకాళ్లు మడిచి కూర్చుంటాయి, తర్వాత నీళ్లలో పక్కకి ఒరిగిపోతాయి. నిజానికి మనకి మోకాలిలా కనిపించే ఆ కీలు దాని చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది. బురద గుంట అయితే మరీ సంబరం. సొంత దేశంలో వరదలొస్తే ఈదుతాయి కూడా.

వాటి ఈకల్లో ఒక చిత్రం ఉంది. ఒకే మొదలు నుంచి రెండు ఈనెలు సమానంగా పుడతాయి. ముట్టుకుంటే పక్షిలా ఉండదు, ఎండుగడ్డి కుప్పలా ఉంటుంది. తడిస్తే కుప్ప అణిగిపోయి, లోపల ఉన్న అసలు పక్షి ఎంత సన్ననిదో తెలుస్తుంది. మా పిల్లలకి ఈ భాగం భలే ఇష్టం.

మా బాబు నేల మీద పడుకుంటే మూడూ వచ్చి చుట్టూ నిలబడ్డాయి. పొడుస్తాయేమోనని టెన్షన్ పడ్డాం.

పొడవడానికి రాలేదు, చూడటానికి వచ్చాయి. ఈముకి కుతూహలం ఎక్కువ. ఆస్ట్రేలియా మూలవాసులకి ఈ సంగతి బాగా తెలుసు. వేటగాడు వెల్లకిలా పడుకుని కాళ్లు గాల్లో ఆడించేవాడు. లేదా ఈకలు, గుడ్డపీలికలు కలిపి ఉండలా కట్టి చెట్టుకి వేలాడదీసేవాడు. అదేమిటో చూద్దామని ఈము దగ్గరికి వచ్చేది.

ఈ సంగతి చెప్పాక ఒక ఆదివారం సీతమ్మధార నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లాడు కంచె బయట పడుకుని సైకిల్ తొక్కినట్టు కాళ్లు తిప్పాడు. నేను లెక్కపెడుతున్నాను. ఇరవై కూడా రాలేదు, మా మూడింట్లో ఒకటైన చిట్టి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. వెనక మగపక్షి భీముడు. జాలీ మీదుగా మెడలు వంచి, ముందు కుడి కన్నుతో, తర్వాత ఎడమ కన్నుతో చూశాయి. పిల్లాడు ఆపేస్తే ఆసక్తి పోయి వెనక్కి తిరిగాయి. మళ్లీ మొదలుపెడితే మళ్లీ వచ్చాయి. ఎవరు ఎవర్ని ఆడిస్తున్నారో ఆ తల్లిదండ్రులు తేల్చుకోలేకపోయారు. పెద్దవాళ్లు చేసినా వస్తాయి. చేసి చూశాను, వివరాలు అడక్కండి.

ఇది బుర్ర తక్కువ పక్షి అంటారు కదా?

అనేవాళ్లు అంటారు. 2025లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. తిరిగే చక్రానికి ఒక రంధ్రం ఉంటుంది. దాన్ని తిప్పి మేత ఉన్న చోటికి తెస్తే తిండి దొరుకుతుంది. ఎవరూ నేర్పకుండానే ఈములు దాన్ని తిప్పడం కనిపెట్టాయి. నిప్పుకోళ్లు కనిపెట్టలేదు. మేధావి అని నేను అనను. మా భీముడు తెరిచి ఉన్న గేటు పక్కనే కంచెకి తల కొట్టుకుంటూ అరగంట నిలబడ్డ రోజులున్నాయి. కానీ కొత్త వస్తువు కనిపిస్తే పొడిచి, లాగి, తిప్పి చూడటం మాత్రం మానదు. ఆ గుణం వల్లే కింది ప్రశ్న వస్తుంది.

మా బండి తాళం మింగేసింది! ఇప్పుడేం చేయాలి?

ముందుగా నన్ను తిట్టకండి, గేటు మీద బోర్డు పెట్టాను.

పళ్లు లేని పక్షి కాబట్టి ఈము రాళ్లు మింగి కందనకాయలో దాచుకుంటుంది. తిన్న మేతని అవి తిరగలిలా నలుపుతాయి. కోడి కూడా చిన్న ఇసుకరాళ్లు మింగేది ఇందుకే. ఈము సైజుకి తగ్గట్టు పెద్దవి మింగుతుంది. చిక్కంతా ఎక్కడంటే, దానికి మెరిసేవంటే మహా మోజు. గాజుపెంకు, నట్టు, బోల్టు, తాళం, చెవి జూకా, షర్టు గుండీ ఏదైనా సరే. పొడిచి చూడటం ఆటగా మొదలవుతుంది, మింగడంతో ముగుస్తుంది.

మా తోటలో పోయిన తాళం ఐదోరోజు పెంటలో దొరికింది. కడిగి ఇస్తే ఆయన దండం పెట్టి కొత్తది చేయించుకున్నాడు. కానీ అన్నీ అలా తమాషాగా ముగియవు. 2011లో కంచె వేసిన పనివాళ్లు కత్తిరించిన బైండింగ్ వైరు ముక్కలు గడ్డిలో వదిలేసి వెళ్లారు. వారం తర్వాత ఒక మగపక్షి మేత మానేసింది. మూడు రోజులు ఒకేచోట కూర్చుని పోయింది. డాక్టర్ కోసి చూపించాడు. బొటనవేలంత వైరు ముక్కలు పదకొండు, ఒకటి కందనకాయ గోడలోంచి బయటికి పొడుచుకుని ఉంది. అప్పటినుంచి ఏ పని జరిగినా సాయంత్రం అయస్కాంతం తాడుకి కట్టి నేలంతా ఈడుస్తాను. మింగింది మొనదేలిన వస్తువైతే రేపటిదాకా చూడకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

రాత్రిపూట డప్పు కొట్టినట్టు శబ్దం వస్తోంది. అదీ ఆటేనా?

కాదు, అది ఆడపక్షి పిలుపు. దాని గొంతు గొట్టానికి ఒక చీలిక, దానికి ఆనుకుని గాలితో ఉబ్బే సంచి ఉంటాయి. అందులోంచి దుమ్ దుమ్ మని వస్తుంది. రెండు కిలోమీటర్ల దాకా వినిపిస్తుందంటారు. పక్క లేఅవుట్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నాయన ఎవరో రాత్రంతా బోరు వేస్తున్నారనుకుని గొడవకి వచ్చాడు. మగపక్షి గొంతు గురగురమంటుంది, అంతే. ఈముల్లో ఆడదే పెద్దది, పెత్తనమూ దానిదే.

ఆటకీ కోపానికీ తేడా ఎలా తెలుస్తుంది? జబ్బుకీ?

ఆటలో మిమ్మల్ని చూడదు. కోపంలో మిమ్మల్నే చూస్తుంది. మెడ ఈకలు నిక్కబొడుచుకుని, మెడ పొడుగ్గా సాచి, గురగురమంటూ తిన్నగా మీ వైపు నడిస్తే పక్కకి తప్పుకోండి. కాలికి మూడు వేళ్లు, మూడిటికీ గట్టి గోళ్లు, దెబ్బ ముందుకి పడుతుంది. గుర్రానికి వెనక నిలబడకూడదంటారు, దీనికి ముందు నిలబడకూడదు.

జబ్బు సంగతి వేరు. ఆట కొద్ది సెకన్లలోనో, రెండు మూడు నిమిషాల్లోనో ముగుస్తుంది, ముగిశాక పక్షి మామూలుగా నడుస్తుంది, తింటుంది. కింద పడ్డది లేవలేకపోయినా, మెడ ఒకే పక్కకి మెలిపడి ఉన్నా, నిలబడితే తూలుతున్నా, కళ్లు మూసుకుని మేత మానేసినా అది ఆట కాదు. నాటుకోళ్లకి వచ్చే కొక్కెర తెగులు ఈములకీ సోకుతుంది. అందులో మెడ తిరిగిపోవడం ఒక లక్షణం. పక్కన కోళ్లు పెంచేవాళ్లుంటే ఇంకా జాగ్రత్త.

అది పరిగెత్తుతుంటే మేమూ వెంటపడి ఆడొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. మీకు ఆట, దానికి డింగో. తరిమితే పక్షి కంచెకి గుద్దుకుని కాలు విరుగుతుంది. కాలు విరిగిన ఈము బతకడం కష్టం. గుద్దుకోకపోయినా, భయంతో ఎక్కువసేపు పరిగెత్తితే కండరాలు లోపలే దెబ్బతిని, ఒకట్రెండు రోజుల తర్వాత కుప్పకూలిపోవచ్చు. పట్టుకుని ఫోటో దిగుదామని వచ్చినవాళ్లని నేను మొహమాటం లేకుండా పంపించేశాను. మా చిన్నాన్నకి అది నచ్చలేదు, అయినా సరే.

ఏప్రిల్‌లో వస్తే ఒక్కటీ కదల్లేదు. డబ్బులు పెట్టి వస్తే ఇదా?

డబ్బులు మేం తీసుకోలేదు, మీ పెట్రోలు మీది.

ఈము ఒంటి వేడి తగ్గించుకోవడానికి నోరు తెరిచి రొప్పుతుంది. ఎండ ఎంతున్నా గాలి పొడిగా ఉంటే తట్టుకుంటుంది. మన సముద్రపు ఉక్కపోతలో చెమటే ఆరదు, ఇక రొప్పు ఏం చల్లబరుస్తుంది? ఏప్రిల్, మే పగళ్లు నీడన కూర్చుని గడిపేస్తాయి. జూకి వెళ్లినా ఇదే సూత్రం, మిట్టమధ్యాహ్నం ఏ జంతువూ మన కోసం ఆడదు.

చలికాలంలో ఇంకో కారణం. మన దగ్గర సుమారు అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా గుడ్లు పెట్టే కాలం. ముదురాకుపచ్చ గుడ్డు, అరకిలో పైనే. పెట్టడం వరకే ఆడదాని పని. మగది కూర్చుంటే 56 రోజులు పొదుగుతుంది, ఆ రోజుల్లో తిండీ నీళ్లూ దాదాపు ముట్టదు, బరువులో మూడో వంతు పోగొట్టుకుంటుంది. పిల్లల్ని నెలల తరబడి వెంటేసుకు తిరిగేదీ తండ్రే. భీముడు అలా కూర్చున్న నెలల్లో పెద్దమ్మి ఎదురుగానే గంతులేస్తుంటే తల కూడా తిప్పడు. మా ఆవిడకి ఈ పక్షులంటే గౌరవం ఏర్పడింది ఇక్కడే.

ఆస్ట్రేలియా సైన్యాన్ని ఓడించాయట, నిజమేనా?

1932లో పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ చేలలోకి దాదాపు ఇరవై వేల ఈములు దిగితే, రెండు లూయిస్ మెషీన్‌గన్‌లు, పదివేల తూటాలతో సైనికుల్ని పంపారు. కాల్పులు మొదలవగానే పక్షులు చిన్న గుంపులుగా చెదిరిపోయాయి. చివరికి సైనికులే వెనక్కి వెళ్లిపోయారు. అంతవరకు నిజం.

అసలు ఇవి మీ తోటకెలా వచ్చాయి? మేమూ ఒక జత పెంచుకోవచ్చా?

2009లో "నూనె, మాంసం, తోలు, ఈక, అన్నీ డబ్బే" అని చెప్పిన ఒక ఏజెంటు మాట విని చిన్నాన్న ఈము పిల్లల్ని కొన్నాడు. అప్పుడు ఆంధ్రాలో చాలామంది కొన్నారు. నిజానికి మాంసం కొనేవాడు లేడు, నూనె తీసే యంత్రం దగ్గర్లో లేదు. ఒక రైతు గుడ్లు పొదిగించి ఇంకో రైతుకి పిల్లల్ని అమ్మడమే వ్యాపారం. కొత్త రైతు దొరకని రోజున అది ఆగిపోయింది. 2012లో తమిళనాడులో ఈము పథకాలు కూలాక ఇక్కడా దాణా ఖర్చు భరించలేక జనం చేతులెత్తేశారు. కొందరు రాత్రికి రాత్రి గేట్లు తెరిచి వదిలేశారు. చిన్నాన్న వదల్లేదు. అమ్మినవి అమ్మగా, పోయినవి పోగా మూడు మిగిలాయి. అప్పు మొన్న మొన్నటిదాకా తీర్చాడు.

కాబట్టి పెంచుకోవద్దనే నా సలహా. బాగా చూసుకుంటే ముప్పై ఏళ్లు దాటి బతికే పక్షి అది. పరిగెత్తడానికి స్థలం కావాలి, ఆరడుగుల పైన కంచె కావాలి, తోడుకి ఇంకో పక్షి కావాలి. ఫ్లాట్ టెర్రస్ మీద పెంచుతానని ఒకాయన అడిగాడు. ఆయనకి పావురాల గురించి చెప్పి పంపాను.

సరే, గంతులు చూడాలంటే ఎప్పుడు రావాలి?

జూలై నుంచి సెప్టెంబర్ మధ్య, వాన పడి వెలిసిన సాయంత్రం, నాలుగు దాటాక. ఆనందపురం పూల మార్కెట్ దాటి ఫోన్ చేయండి, దారి చెప్తాను. జూకాలు, గొలుసులు కారులోనే పెట్టండి, తాళం లోపలి జేబులో. కంచె దగ్గర మాట్లాడకుండా ఓ పావుగంట కూర్చోండి. అప్పటికీ కదలకపోతే మోటార్ నేను వేస్తాను.